ఎవరిని అడిగారు, ఎట్ల అడిగారు: సైకాలజీ ఎస్సే రాసే పిల్లలకు

ప్రశ్న పెట్టిన అమ్మాయిది ధర్మవరం. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు అనంతపురంలో ఎం.ఏ. సైకాలజీ మొదటి ఏడు. ‘యువత డిప్రెషన్‌పై సోషల్ మీడియా ప్రభావం’ మీద 3,000 పదాల పరిశోధనా వ్యాసం ఇంగ్లీషులో రాసుకు రమ్మన్నారట. నెట్‌లో వెతికితే వందల రీసెర్చ్ పేపర్లు వస్తున్నాయి, ఒకటి ఫోను చెడగొడుతోందంటే ఇంకొకటి అదేం లేదంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని రెఫరెన్సులు ఉండాలి, సొంత అభిప్రాయం రాయొచ్చా, కాపీని పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా ఎట్ల, ఏఐతో రాయిస్తే ఏమవుతుంది? ఇవీ తన అనుమానాలు.

అమ్మా, అనంతపురంలో ఇలాంటి వ్యాసాలు చాలా ఏళ్లుగా దిద్దుతున్నదాన్ని కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

పేపర్లు ఒకదానితో ఒకటి గొడవ పడుతున్నాయని నువ్వు గమనించావు చూడు, నీ వ్యాసం అక్కడే ఉంది. ఆ గొడవ కంటికి కనపడనివాళ్లే ‘నేటి ఆధునిక యుగంలో సోషల్ మీడియా మానవ జీవితంలో విడదీయరాని భాగమైపోయింది’ అని మొదలుపెడతారు. తర్వాత నిర్వచనాలు, రకాలు, లాభాలు, నష్టాలు. ఆఖర్న ‘ఏదైనా మితంగా వాడాలి’. నా చేతికొచ్చే పది వ్యాసాల్లో ఆరేడు ఇట్లాగే ఉంటాయి. ఇది తొమ్మిదో తరగతి వ్యాసరచన పోటీకి సరిపోతుంది. సైకాలజీలో పరిశోధనా వ్యాసం అంటే ఒక ప్రశ్న అడిగి, దానికి ఇప్పటిదాకా దొరికిన ఆధారాలను తూచి, ఇదీ జవాబు, ఇంత గట్టిగా చెప్పగలం, ఇంతకు మించి చెప్పలేం అని రాయడం. తూచడం అన్న మాట గుర్తుపెట్టుకో. మార్కులు ఎక్కువగా అక్కడే పడతాయి.

ముందు నీకిచ్చిన శీర్షికనే అనుమానించు. ‘ప్రభావం’ అనగానే సోషల్ మీడియా కారణం, డిప్రెషన్ ఫలితం అని మనం ఒప్పేసుకున్నట్టు అయిపోయింది. డిప్రెషన్‌లో ఉన్న పిల్లలే బయటికి పోబుద్ధి కాక ఫోను ఎక్కువ చూస్తుండొచ్చు. ఇంట్లో గొడవలో, అప్పులో, పరీక్ష తప్పడమో రెండింటికీ కారణమై ఉండొచ్చు. ‘యువత’ అంటే ఎవరు? పద్నాలుగేళ్ల పిల్లా, ఇరవై మూడేళ్ల పీజీ విద్యార్థా? ‘సోషల్ మీడియా’ అంటే గంటలకొద్దీ రీల్స్ చూడడమా, కువైట్‌లో ఉన్న అమ్మతో వాట్సాప్ వీడియో కాల్ మాట్లాడడమా? కడప వైపు ఎన్ని ఇళ్లలో ఆ కాలే సంసారాన్ని నిలబెడుతోందో నీకు తెలుసు. ‘డిప్రెషన్’ అంటే డాక్టరు నిర్ధారించిన జబ్బా, ప్రశ్నావళిలో వచ్చిన స్కోరా?

వీటన్నిటికీ జవాబు చెప్పుకున్నాక ప్రశ్న చిన్నదవుతుంది. ఉదాహరణకు: ‘ఇన్‌స్టాగ్రామ్ లాంటివి చూసే సమయం తగ్గించుకుంటే కాలేజీ విద్యార్థుల్లో డిప్రెషన్ లక్షణాలు తగ్గుతాయా?’ దీనికి జవాబు ప్రయోగాల్లో దొరుకుతుంది. ‘ఎక్కువ వాడేవాళ్లలో లక్షణాలు ఎక్కువగా ఉన్నాయా?’ అన్నది వేరే ప్రశ్న, దానికి సర్వేలు చాలు. రెండూ ఒకటే అనుకుని కలిపేస్తే వ్యాసం మొత్తం జారిపోతుంది. శీర్షిక చిన్నది చేసుకోవచ్చా అని మీ సార్‌నో మేడమ్‌నో ముందే అడుగు. భయపడి ఊరుకోవద్దు. అడిగిన పిల్లల్ని చూస్తే మాకు సంతోషమే.

ఇక పేపర్లు చదవడం. అబ్‌స్ట్రాక్ట్ (పేపరు మొదట్లో ఉండే సారాంశం) చదివి, ఆఖరి పేరా చదివి, ఆ రెంటి మధ్యది వదిలేయడం మన పిల్లలకు అలవాటు. నేను దీన్ని తిరగేసి చదవమంటాను. అబ్‌స్ట్రాక్ట్ తర్వాత నేరుగా మెథడ్‌కు పో. ఎవరిని అడిగారు, ఎంతమందిని, ఎట్ల అడిగారు, దేనితో కొలిచారు, ఎన్నాళ్లు చూశారు. ఇవి రాసుకున్నాకే ఏం తేలిందో చూడు. నీ అంశం మీదే కొన్ని పేపర్లు తీసుకుని చేసి చూపిస్తా.

2013లో ఈథన్ క్రాస్ బృందం అమెరికాలోని మిషిగన్‌లో 82 మంది యువతీయువకులకు రెండు వారాలపాటు రోజుకు ఐదుసార్లు ఫోనుకు మెసేజ్ పంపి, ఇప్పుడు ఎట్ల ఉంది, ఇంతకుముందు అడిగినప్పటి నుంచి ఫేస్‌బుక్ ఎంత చూశావు అని అడిగింది. ఎక్కువ చూసినవాళ్లకు తర్వాతి మెసేజ్ నాటికి మనసు ఇంకొంచెం దిగజారింది. రెండు వారాల్లో జీవితం మీద తృప్తి కూడా తగ్గింది. ఎదురుగా మనుషులతో మాట్లాడితే అట్ల కాలేదు. ఒక్కసారి ఫారం నింపించుకునే సర్వే కంటే ఇది మేలు, ఎందుకంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలుస్తోంది. కానీ 82 మందే. అదీ 2013 నాటి ఫేస్‌బుక్. ఇప్పుడు మీ క్లాసులో ఫేస్‌బుక్ ఎవరు చూస్తారు, మా వయసువాళ్లు తప్ప?

2018లో జీన్ ట్వెంగీ, ఆమె సహచరులు అమెరికా జాతీయ సర్వేల నుంచి 5 లక్షల మందికి పైగా బడిపిల్లల సమాధానాలు తీసుకున్నారు. 2010 తర్వాత ఆ పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో డిప్రెషన్ లక్షణాలు పెరిగాయని, స్క్రీను ముందు ఎక్కువసేపు గడిపేవాళ్లలో అవి ఎక్కువగా ఉన్నాయని రాశారు. 5 లక్షలు అనగానే కళ్లు తిరుగుతాయి. ఎంత పెద్ద సంఖ్యయినా ఇది సహసంబంధమే, అంటే రెండూ కలిసి కనిపిస్తున్నాయనే తప్ప ఒకటి రెండోదానికి కారణమని కాదు. సంఖ్య పెరిగినంత మాత్రాన సహసంబంధం కారణంగా మారిపోదు.

ఆ మరుసటేడు, 2019లో, ఏమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అమెరికా, బ్రిటన్ సర్వేలు మూడు తీసుకున్నారు. సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలు. ఒకే డేటాను వేలాది రకాలుగా విశ్లేషించి చూశారు, ఎందుకంటే ఏ ప్రశ్నను కలిపావు, ఏది తీసేశావు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. డిజిటల్ వాడకం పిల్లల మానసిక క్షేమంలోని తేడాల్లో మహా అయితే 0.4 శాతాన్ని వివరిస్తుందని తేల్చారు. 0.4 శాతం అంటే సహసంబంధం సుమారు 0.06 (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). బంగాళదుంపలు ఎక్కువ తినడానికీ క్షేమానికీ ఉన్న సంబంధం కూడా దాదాపు అంతే ఉందనీ, కళ్లద్దాలు పెట్టుకోవడానికి ఉన్న సంబంధం అంతకంటే ప్రతికూలంగా ఉందనీ చూపించారు. బంగాళదుంపల మాట వార్తాపత్రికల్లో మోగిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించు. 0.4 శాతం అంటే ఏమీ లేనట్టేనా? అందరినీ కలిపి తీసిన సగటు చిన్నదిగా ఉండొచ్చు, కానీ కొందరికి గట్టి దెబ్బ తగిలి, చాలామందికి ఏమీ కాకపోయినా సగటు చిన్నదే వస్తుంది. టీవీ, గేములు, సోషల్ మీడియా అన్నీ ఒక గంపలో వేస్తే ఒక్కదాని సంగతి తెలీదు. సరిగ్గా ఇలాంటి అభ్యంతరాలతోనే ట్వెంగీ తదితరులు 2020లో, ఓర్బెన్ పేపరు వచ్చిన పత్రికలోనే, ఎదురు జవాబు రాశారు. ఈ రెండు పక్షాల వాదనా చదివి, ఏది ఎక్కడ బలంగా ఉందో నీ మాటల్లో ఒక పేజీ రాయగలిగితే నీ వ్యాసానికి వెన్నెముక వచ్చేసినట్టే.

ఇక ప్రయోగాలు. 2018లో మెలిస్సా హంట్ బృందం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసింది. ఒక గుంపు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి రోజుకు 10 నిమిషాలకు మించి చూడకూడదు. రెండో గుంపు ఎప్పటిలాగే. మూడు వారాల తర్వాత మొదటి గుంపులో ఒంటరితనం, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. డిప్రెషన్ స్కోరు మొదట్లో ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ మేలు స్పష్టంగా కనిపించింది. వాడకాన్ని పిల్లల నోటిమాట మీద వదలకుండా ఐఫోను స్క్రీన్‌షాట్లు తెప్పించుకుని చూశారు. ఇది మంచి పని. కానీ ఏ గుంపులో ఉన్నదీ ఎవరికి వారికి తెలుసు కదా? ‘ఫోను తగ్గించాను, బాగుపడాలి’ అన్న ఆశే స్కోరును తగ్గించిందేమో. పైగా ఐఫోను ఉన్న అమెరికా విద్యార్థులు! మన హాస్టల్లో ఎన్ని ఐఫోన్లుంటాయో లెక్కేసుకో. 2020లో ఒక అర్థశాస్త్ర పత్రికలో హంట్ ఆల్కాట్ బృందం ఇంకా పెద్ద ప్రయోగం ప్రచురించింది. 2018 అమెరికా ఎన్నికల ముందు నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపేయడానికి డబ్బులిచ్చారు. ఆపినవాళ్ల క్షేమం పెరిగింది, కానీ చిన్నపాటిగానే.

ఇంకో పేపరు తప్పకుండా చదువు. 2021లో డగ్లస్ ప్యారీ బృందం, మనుషులు ‘నేను ఫోను ఇంతసేపు చూస్తాను’ అని చెప్పేదానికీ ఫోనులో నమోదైనదానికీ ఎంత పొంతన ఉందో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. సహసంబంధం సుమారు 0.38. అంటే పొంతన ఉంది, కానీ నమ్మి కూర్చునేంత లేదు. నువ్వు చదివే సర్వేల్లో ఎక్కువ భాగం ‘రోజుకు ఎన్ని గంటలు వాడతారు’ అని అడిగినవే. ఈ ఒక్క పేపరు చేతిలో ఉంటే మిగతా ఇరవై పేపర్ల మీద ఒక ప్రశ్న వేసే అధికారం నీకు వస్తుంది.

‘సొంత అభిప్రాయం రాయొచ్చా’ అన్నావే, ఇదంతా ఏంటి మరి? ఏ ఆధారం బరువైనదో చెప్పడమే అభిప్రాయం. ‘సోషల్ మీడియా చెడ్డదని నా ఉద్దేశం’ అన్నది ఎవరికీ అక్కర్లేదు. ‘ప్రయోగాలు చిన్నవైనా దిశ ఒకటే చూపిస్తున్నాయి, సర్వేల్లో సంబంధం ఉన్నా చాలా స్వల్పం, కొలత మీదే అనుమానం ఉంది కాబట్టి ప్రయోగాలకు ఎక్కువ బరువిస్తున్నాను’ అన్నావనుకో, అది అభిప్రాయమే, దాని కింద నేల ఉంది. రచ్చకట్ట మీద పెద్దమనిషి రెండు పక్షాలూ చెప్పింది విని, ఎవరి సాక్ష్యం నిలబడుతుందో చూసి మాట చెప్తాడు. మన పిల్లల వ్యాసాల్లో సాక్షులందరూ వరసగా వచ్చి మాట్లాడి పోతారు, పెద్దమనిషి మటుకు నోరే విప్పడు. ‘క్రాస్ (2013) ఇట్ల అన్నారు. ట్వెంగీ (2018) అట్ల అన్నారు. హంట్ (2018) ఇంకోలా అన్నారు.’ ఒక్కో పేపరుకు ఒక పేరా. ఇట్ల వద్దు. పేరా మొదటి వాక్యం నీది కావాలి, పేర్లు దానికి సాక్ష్యంగా రావాలి. ఇట్ల:

‘వాడకానికీ డిప్రెషన్ లక్షణాలకూ సంబంధం ఉందని పెద్ద సర్వేలు ఒప్పుకుంటున్నా, ఆ సంబంధం ఎంత అన్నచోట విడిపోతున్నాయి. ట్వెంగీ తదితరులు (2018) దాన్ని ఆందోళన కలిగించేదిగా చూపితే, ఓర్బెన్, షిబిల్‌స్కీ (2019) 0.4 శాతానికి మించదన్నారు. ఈ తేడాకు ఒక కారణం, దేన్ని సోషల్ మీడియా కింద లెక్కేశారన్నది. ఇంకో కారణం, రెండూ పిల్లలు సొంతంగా చెప్పిన గంటల మీద ఆధారపడడం. ఆ గంటలు ఫోను రికార్డుతో పూర్తిగా కలవవని ప్యారీ తదితరులు (2021) చూపారు.’

ఒక్క పేరాలో మూడు పేపర్లు వచ్చాయి, మొదటి వాక్యం మాత్రం నాది. దీన్ని ఇంగ్లీషులో పెట్టుకోవడానికి నీకు పెద్ద భాష అక్కర్లేదు.

మన ఊరి సంగతి. మంచి వ్యాసానికీ మామూలు వ్యాసానికీ తేడా నాకు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. పైన చెప్పినవన్నీ అమెరికా, బ్రిటన్‌లవి. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఇద్దరు సహచరులతో కలిసి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు: సైకాలజీ చెప్పే ‘మనిషి’ చాలావరకు పాశ్చాత్య, చదువుకున్న, పారిశ్రామిక, డబ్బున్న, ప్రజాస్వామ్య దేశాల మనిషేనని, ప్రపంచం మొత్తానికి అతన్ని నమూనాగా తీసుకోలేమని. ప్రతి వ్యాసం చివర పిల్లలు ఈ మాట ఒక్క వాక్యంలో రాసేసి చేతులు దులుపుకుంటారు. అది చాలదు. ఏ విషయంలో తేడా వస్తుంది, ఎందుకు వస్తుంది అని చెప్పాలి.

చూడు. అమెరికాలో 2010 తర్వాత పెరుగుదలను స్మార్ట్‌ఫోన్ల రాకతో ముడిపెడుతున్నారు. మన పల్లెల్లో డేటా చౌకైంది 2016 సెప్టెంబరులో జియో వచ్చాక. ఆ వాదన నిజమైతే ఇక్కడ మార్పు ఆ తర్వాతే కనపడాలి. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ నిషేధించారు, అమెరికాలో ఆ తర్వాత వచ్చిన పేపర్లలో టిక్‌టాక్ కూడా ఉంటుంది. కాబట్టి ‘సోషల్ మీడియా’ అనే మాట ఒకటే అయినా పిల్లలు చూసేది ఒకటి కాదు. ఇక్కడ చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అన్న చేతిలోనో నాయన చేతిలోనో ఉంటుంది, ఆడపిల్లకు దొరికేది ఆ కాసేపే. ‘ఎన్ని గంటలు’ అన్న ప్రశ్న అక్కడ కొలిచేది పిల్ల ఇష్టాన్ని కాదు, ఇంట్లో ఆమెకున్న వీలును. ఇట్లాంటి మాటలు నీకు తప్ప పెన్సిల్వేనియా వాళ్లకు తట్టవు. ధైర్యంగా రాయి, కాకపోతే వీటిని తేలిన నిజాలుగా కాకుండా ‘ఈ కారణాల వల్ల ఆ ఫలితాలు ఇక్కడ యథాతథంగా వర్తించకపోవచ్చు’ అని రాయి.

దీని కిందే రెండు జాగ్రత్తలు. మన దేశం లెక్కలు అనగానే అందరూ 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను ఎత్తి రాస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ నడిపింది, మంచి సర్వే, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. కానీ అది 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. ‘మన రాష్ట్రంలో 10.6 శాతం’ అని రాస్తే ఎరుపు గీత పడుతుంది. రెండోది, 2011 జనాభా లెక్కల్లో అనంతపురం అంటే ఉమ్మడి జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి మీ ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పాత సంఖ్యను కొత్త జిల్లాకు అంటించొద్దు.

నువ్వు అడగలేదు గానీ, ఈ ఆలోచన వచ్చే ఉంటుంది: ఒక గూగుల్ ఫారం చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తే యాభైమంది నింపుతారు, దాంతో వ్యాసం అయిపోతుంది కదా అని. నీకిచ్చింది సాహిత్య సమీక్ష (ఇప్పటికే వచ్చిన పేపర్లను చదివి తూచేది) అయితే ఆ పని చేయొద్దు. ప్రాజెక్టుకు చేయాల్సి వచ్చినా ముందు మీ గైడుతో మాట్లాడి, అనుమతి పత్రం సంగతి తేల్చుకున్నాకే చేయి. డిప్రెషన్ లక్షణాలు కొలవడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా స్కోరు, తెలుగులో కూడా ఉంది. దాని తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనల గురించి. నీ స్నేహితురాలే ఆ ప్రశ్నకు ‘దాదాపు ప్రతిరోజూ’ అని టిక్ పెట్టిందనుకో, ఏం చేస్తావు? అది ముందే ఆలోచించుకోనివాళ్లు ఆ ఫారం పంపకూడదు. పేర్లు లేకుండా నింపించుకుంటే అది ఎవరో కూడా తెలీదు. ఫారం పైనా కిందా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెట్టడం కనీస మర్యాద. మరో మాట, స్కోరు 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా పరీక్షించి చూడాలి అనే అర్థం, జబ్బు ఉన్నట్టు కాదు. ‘మా కాలేజీలో ఇంత శాతం మందికి డిప్రెషన్’ అని ఆ స్కోరుతో రాస్తే తప్పు.

పాఠ్యపుస్తకంలో ఉంది కదా అని పాత కథల్ని మళ్లీ రాయడం కూడా మానుకో. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ ఇంకా మన నోట్సుల్లో తిరుగుతోంది. ఆ కథకు ఆధారాలు లేవని 2007లో రేచల్ మ్యానింగ్ బృందం చూపించింది. సాక్షుల ప్రభావం (చుట్టూ జనం ఉంటే ఒక్కొక్కరూ సాయానికి ముందుకు రావడం తగ్గడం) మీద డార్లీ, లటానే చేసిన ప్రయోగాలు వేరే సంగతి, అవి నిలబడే ఉన్నాయి. చిన్నప్పుడు మిఠాయి తినకుండా ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణిస్తారన్న మార్ష్‌మెల్లో పరీక్ష కూడా అంతే: 2018లో పెద్ద గుంపు మీద మళ్లీ చేసి, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు కుంచించుకుపోయింది. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మొదటిసారి 97 శాతంలో వచ్చిన గణనీయ ఫలితం (యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనిది) రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. అందుకే ‘నిరూపించారు’ అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా ఉండకూడదు. ‘సూచిస్తోంది’, ‘కనుగొన్నారు’ చాలు.

పేపర్లు ఎక్కడ దొరుకుతాయంటే, గూగుల్ స్కాలర్‌లో పేపరు కింద ‘అన్ని వెర్షన్లు’ నొక్కితే తరచూ ఉచిత పీడీఎఫ్ బయటపడుతుంది. వైద్యానికి దగ్గరగా ఉన్నవి చాలా పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తిగా ఉచితంగా దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు తెరిచారు. మీ లైబ్రరీలో లాగిన్ ఎట్లని అడుగు. అడిగేవాళ్లు లేక ఇలాంటివి మూలన పడి ఉంటాయి. మన దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో రాయలసీమ యూనివర్సిటీల థీసిస్‌లు కూడా చూడు, ఏ ప్రశ్నావళిని తెలుగులోకి ఎట్ల మార్చుకున్నారో తెలుస్తుంది. అయితే థీసిస్‌లోని పాత సమీక్ష అధ్యాయాన్ని నమ్మి రెఫరెన్సులు ఎత్తుకోవద్దు. అసలు పేపరు చూడకుండా ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయిన తప్పులు అక్కడ చాలా ఉంటాయి. అసలు పేపరు నిజంగానే దొరకకపోతే ఫలానావారి పుస్తకంలో ఉదహరించినట్టు అని ఒప్పుకుని రాయి.

ఇంగ్లీషు గురించి నువ్వు అనుకునేంత భయం అక్కర్లేదు. నిజానికి తెలుగు మీడియం పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. పేపరు చదువు, మూసెయ్యి, నీకర్థమైంది నోటుబుక్కులో తెలుగులో రాసుకో. రెండురోజుల తర్వాత ఆ తెలుగును చూసి ఇంగ్లీషులో రాయి. అసలు వాక్యం నీ ముందు లేదు కాబట్టి కాపీ కొట్టే వీలే లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలే పేపరు పక్కన పెట్టుకుని నాలుగు మాటలు మార్చి దొరికిపోతుంటారు. వాక్యాలు చిన్నవి రాయి. జరిగిపోయిన అధ్యయనాన్ని భూతకాలంలో రాయి. ఎంత సొంత మాటల్లో రాసినా, ఆలోచన వేరేవాళ్లదైతే పేరు, సంవత్సరం పెట్టాల్సిందే.

సాఫ్ట్‌వేర్ శాతం గురించి మరీ ఎక్కువ భయాలున్నాయి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ) 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఒక స్థాయి, 40 నుంచి 60 దాకా మరొకటి, 60 దాటితే అన్నిటికంటే తీవ్రం. మీ డిపార్ట్‌మెంటు ఇంకా కఠినంగా పెట్టుకుని ఉండొచ్చు, కనుక్కో. అయితే 6 శాతం వచ్చిందని సంబరపడే వ్యాసంలో కూడా ఆలోచనంతా దొంగిలించినదే అయితే చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఏఐ సంగతి. ఇంగ్లీషు వ్యాకరణం సరిచేయించుకోవచ్చా అన్నది మీ కాలేజీ నియమం చూసి, అడిగి చేయి. రెఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు. లేని పేపర్లకు ఉన్న మనుషుల పేర్లు తగిలించి, పత్రిక పేరు, సంపుటి, పేజీలు కూడా పెట్టి చక్కగా ఇస్తుంది. చూడ్డానికి అసలుదానికంటే అందంగా ఉంటుంది. ఒక్క దొంగ రెఫరెన్సు కనపడితే నేను మిగతా అన్నిటినీ వెతుకుతాను, నాలాంటివాళ్లు చాలామంది అంతే.

సంఖ్య ఎంత అంటే, 3,000 పదాలకు నువ్వు నిజంగా చదివిన పన్నెండు పదిహేను పేపర్లు చాలు. వాటిలో ఐదారింటి మీద నిలబడి మాట్లాడు, మిగతావి ఒక్కో వాక్యంలో వచ్చిపోనీ. నలభై రెఫరెన్సులున్న మొదటి ఏడాది విద్యార్థి వ్యాసం చూస్తే నాకు గౌరవం కలగదు, అనుమానం కలుగుతుంది.

రాసే వరస కూడా చెప్తాను. ఉపోద్ఘాతం ఆఖర్న రాయి, 250 పదాలు దాటనీయొద్దు, అందులోనే నీ ప్రశ్న, నీ జవాబు రెండూ ఉండాలి. సస్పెన్స్ సినిమా కాదు. ముగింపులో కొత్త పేపరు ఏదీ రాకూడదు, ప్రభుత్వానికి సలహాలూ వద్దు. నీ ప్రశ్నకు జవాబు, ఆ జవాబు ఎంత గట్టిది, ధర్మవరంలోనో అనంతపురంలోనో దాన్ని తేల్చాలంటే ఎలాంటి అధ్యయనం కావాలి, అంతే. ఆ చివరిదాన్ని కాస్త వివరంగా రాస్తే వచ్చే ఏడాది నీ ప్రాజెక్టు అంశం అక్కడే దొరుకుతుంది.

ఫార్మాట్ ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి ఏడో కూర్పు ప్రకారం అడిగి ఉంటారు. ముగ్గురు, అంతకు మించి రచయితలుంటే మొదటిసారి నుంచే మొదటివారి పేరు, ‘తదితరులు’ అన్నదానికి వాడే సంక్షిప్తం et al. జాబితా ఇంటిపేర్ల అక్షరక్రమంలో, రెండో పంక్తి నుంచి అర అంగుళం లోపలికి. డీఓఐ (ఆన్‌లైన్‌లో పేపరుకు ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే పూర్తి లింకుగా. మన తెలుగు పేర్ల దగ్గర తిప్పలుంటాయి: ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, చివరి మాట రెడ్డి అనో కుమార్ అనో ఉంటుంది. నువ్వు ఊహించి తిరగేయొద్దు, ఆ పత్రిక తన ‘ఎట్ల ఉదహరించాలి’ అన్నచోట ఎట్ల ఇచ్చిందో అట్లే రాయి. ఇచ్చే ముందు రోజు ప్రతి డీఓఐనీ ఒక్కసారి నొక్కి చూడు. వేరే పేపరు తెరుచుకుంటే, వ్యాసంలో ఆ పేరున్న వాక్యం దగ్గరికి వెనక్కి పోయి, అది నిజంగా నువ్వు చదివిందేనా కాదా చూసుకో.